ఎకానమీ పడిపోయిందా? సంతకు రండి, లేపే దారి అక్కడుంది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది కొంచెం పెద్ద పోస్టు. బడ్జెట్ గురించి. "బడ్జెట్‌తో మనకేం పని" అని వేలితో పైకి నెట్టేసి పోకండి. ఈ మాట మనం మాట్లాడకపోతే మన పేరు మీద ఇంకెవరో మాట్లాడతారు. ఇన్నేళ్లూ జరిగింది అదే.

ఒక బిస్కెట్ ప్యాకెట్‌తో మొదలుపెడతాను. అయిదు రూపాయల ప్యాకెట్. మన గూడెంలో పిల్లాడు ఏడిస్తే కొనిచ్చేది, పోడుకి పోయేటప్పుడు కొంగున కట్టుకొని పోయేది. 2019 ఆగస్టులో పార్లే కంపెనీ వాళ్లు ఏమన్నారో గుర్తుందా? పల్లెల్లో ఆ అయిదు రూపాయల ప్యాకెట్ కూడా కొనడం తగ్గిపోయింది, జీఎస్టీ తగ్గించకపోతే 10 వేల మంది దాకా ఉద్యోగాలు తీసేయాల్సి రావచ్చు అన్నారు. కార్లు అమ్ముడుపోవట్లేదంటే మనకు అర్థం కాకపోవచ్చు. అయిదు రూపాయల బిస్కెట్ అమ్ముడుపోవట్లేదంటే మనకు అర్థం కాదా? సంతలో మన అమ్మ చేతిలో నోటు లేదని దాని అర్థం.

లెక్కలు కూడా అదే చెప్తున్నాయి. 2019 జులై నుంచి సెప్టెంబర్ దాకా దేశం వృద్ధి 4.5 శాతానికి దిగింది. ప్రభుత్వమే చేయించిన 2017-18 వినియోగ సర్వే నవంబర్‌లో పత్రికకు చిక్కింది. పల్లెల్లో జనం పెట్టే ఖర్చు 8.8 శాతం తగ్గిందని అందులో ఉంది. ప్రభుత్వం ఏం చేసింది? డేటాలో లోపాలున్నాయని ఆ సర్వేనే పక్కన పడేసింది. జ్వరం ఎంతుందో చూపించిన థర్మామీటర్‌ని విసిరేస్తే జ్వరం పోతుందా?

మందు ఎవరికి వేశారు?

2019 సెప్టెంబర్ 20న ఆర్థిక మంత్రి కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22 శాతానికి తగ్గించారు. దీని వల్ల ఖజానాకు ఏడాదికి 1 లక్షా 45 వేల కోట్ల రూపాయలు రాకుండా పోతాయని వాళ్లే చెప్పారు. సరే, కంపెనీలకు డబ్బు మిగిలితే ఫ్యాక్టరీలు పెడతారు, ఉద్యోగాలు ఇస్తారు అన్నారు.

ఒక్క ప్రశ్న అడుగుతాను. చేసిన బిస్కెట్టే కొనేవాడు లేక గోడౌన్‌లో పడి ఉంటే, పన్ను తగ్గిందని ఇంకో ఫ్యాక్టరీ ఎవడైనా కడతాడా? ఇది తెలుసుకోవడానికి ఎకనామిక్స్ చదవక్కర్లేదు. సంతలో ఉల్లిగడ్డలు అమ్మే అక్కని అడగండి. "కొనేటోళ్లు రాకపోతే నేనెందుకు ఇంకో బస్తా తెస్తా బిడ్డా" అంటది.

మరి కొనేవాళ్ల చేతికి డబ్బు పోయే దారి ఏంది? పల్లెకి నేరుగా పోయే దారి ఉపాధి హామీ. 2020 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో దానికి 61,500 కోట్లు పెట్టారు. 2019-20 సవరించిన అంచనా 71,002 కోట్లు. అంటే జనం దగ్గర డబ్బులు లేవని దేశమంతా మొత్తుకుంటున్న ఏడాదిలోనే 9,500 కోట్లు తక్కువ పెట్టారు. కంపెనీలకు వదిలిన పన్ను, కోట్ల కుటుంబాల కూలికి పెట్టిన డబ్బుకి రెండింతలకు పైనే. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి మీ గోడ మీద పెట్టుకోండి.

"సంస్కరణ" అంటే మనకెందుకు భయం?

సంస్కరణ అన్న మాట టీవీలో వినపడగానే మన పెద్దోళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు. ఎందుకంటే ఇన్నేళ్లుగా ఆ మాట మన దగ్గరికి ఒకే రూపంలో వచ్చింది: మీ భూమి ఇవ్వండి. 1/70 చట్టాన్ని సడలిస్తే ఏజెన్సీకి పెట్టుబడి వస్తుందంటారు. గనులు తవ్వితే అభివృద్ధి వస్తుందంటారు. 1997 జులైలో సుప్రీంకోర్టు సమతా తీర్పులో షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని చెప్పింది. అప్పటి నుంచి ఆ తీర్పు చుట్టూ తిరిగి ఏ సందులో దూరాలా అని చూస్తూనే ఉన్నారు.

అందుకే ఈ పోస్టు రాస్తున్నాను. సంస్కరణ అన్న మాటని వాళ్లకే వదిలేయొద్దు. దేశం ఎకానమీకి ఊపిరి పోసే సంస్కరణలు మన దగ్గర ఉన్నాయి. వాటికి కొత్త చట్టం అక్కర్లేదు, విదేశీ పెట్టుబడి అక్కర్లేదు, ఒక్క గూడెం కూడా ఖాళీ చేయక్కర్లేదు. పార్లమెంటు ఎప్పుడో పాస్ చేసిన చట్టాలను అమలు చేస్తే చాలు. నాలుగు చెప్తాను.

ఒకటి: చేసిన పనికి కూలి 15 రోజుల్లో ఇవ్వండి

చట్టంలో ఉన్నదే ఇది. మస్టర్ ముగిసిన 15 రోజుల్లో కూలి పడాలి. అది దాటితే ఆలస్యానికి పరిహారం కట్టివ్వాలి. 2019-20లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కూలి రోజుకి 211 రూపాయలు ఉండేది. అప్పటి ఉపాధి హామీ చట్టం 100 రోజులు అంది. దేశం మొత్తం మీద కుటుంబానికి సగటున దొరికింది దాదాపు 50 రోజులే.

ఆ మిగతా 50 రోజులూ దొరికితే? ఆ కూలి లెక్కన కుటుంబానికి 10,550 రూపాయలు. 100 గడపల గూడేనికి 10 లక్షల 55 వేలు. ఆ డబ్బు ఎక్కడికి పోతుంది? షేర్ మార్కెట్‌కి పోదు, దుబాయ్‌లో ఫ్లాట్ కొనడానికి పోదు. వచ్చే సంతలోనే ఖర్చయిపోతుంది. నూనె, ఉప్పు, సబ్బు, పిల్లలకి చెప్పులు, ఇంటి మీదకి రేకులు. ఆ రేకు ఫ్యాక్టరీలో చేసిందే, ఆ సబ్బు కంపెనీలో చేసిందే. పేదోడి చేతిలో పడిన వంద నోటు వారం తిరిగేలోపు నలుగురి చేతులు మారుతుంది. అదీ ఎకానమీ అంటే.

ఇంకో ముచ్చట. అటవీ హక్కు పట్టా తప్ప వేరే భూమి లేని కుటుంబానికి ఉపాధి హామీలో 150 రోజుల పని ఇవ్వాలని 2014లోనే కేంద్రం నిర్ణయించింది. మీ ఊళ్లో ఎంతమందికి ఇది తెలుసు? ఫీల్డ్ అసిస్టెంట్‌ని ఎంతమంది అడిగారు?

రెండు: పట్టా ఇవ్వండి

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2018 నవంబర్ నాటికి దేశమంతా 42 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. సుమారు 19 లక్షలకు పట్టాలు ఇచ్చారు. తిరస్కరించినవి కూడా 19 లక్షలకు పైనే. అంటే ఇచ్చినవెన్నో కొట్టేసినవీ అన్నే. ఆ కొట్టేసినవాళ్లను అడవి నుంచి ఖాళీ చేయించమని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఆర్డర్ ఇచ్చింది. దేశమంతా ఆదివాసీలు రోడ్డెక్కాక ఫిబ్రవరి 28న దాన్ని నిలిపేసి, తిరస్కరణలు పద్ధతి ప్రకారం జరిగాయో లేదో చెప్పండని రాష్ట్రాలను అడిగింది. ఆ కత్తి ఇంకా మన తల మీదే ఉంది.

దీనికీ ఎకానమీకీ సంబంధం ఏంటంటారా? పట్టా లేని పోడు రైతుని చూడండి. బ్యాంకు లోన్ రాదు. పంట పోతే పరిహారం రాదు. ఆంధ్రలో 2019లో మొదలైన రైతు భరోసా కింద అటవీ హక్కు పట్టా ఉన్నవాళ్లకి ఏడాదికి 13,500 రూపాయలు ఇచ్చేవాళ్లు. పట్టా లేనివాడు పక్క చేనువాడు తీసుకుంటుంటే చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది. ఇక షావుకారు దగ్గరికే పోతాడు, ఆ అప్పుకి పంట ముందే రాసిస్తాడు. రేపు ఫారెస్టోళ్లు వచ్చి కందకం తవ్వుతారేమో అని భయం ఉన్నవాడు మామిడి మొక్క నాటుతాడా, జీడి నాటుతాడా? కాపుకు వచ్చేదాకా భూమి తన చేతిలో ఉంటుందో లేదో తెలియదు గదా! మూడు నెలల్లో చేతికొచ్చే పంటే వేస్తాడు. భూమి మీద నమ్మకం లేనిచోట పెట్టుబడి రాదు. ఈ మాట కంపెనీల విషయంలో అందరూ ఒప్పుకుంటారు. మన దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతారు.

నమ్మకం ఉంటే ఏమవుతుందో విశాఖ మన్యంలో చూడొచ్చు. అక్కడి ఆదివాసీ రైతులు చెట్ల నీడలో మిరియంతో కలిపి పండించే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అడవి నరకకుండానే పండించారు. భూమి, ధర, కొనేవాడు, ఈ మూడూ దొరికితే మనం ఏం చేయగలమో చెప్పడానికి అది చాలు.

మూడు: అడవి పంటని గ్రామసభ అమ్ముకోనివ్వండి

ఇది వింటే మీకు నవ్వొస్తుంది, ఆ తర్వాత కోపమొస్తుంది. మన దేశంలో వెదురు కోటీ 50 లక్షల హెక్టార్లకు పైగా ఉంది. ప్రపంచంలో అంత వెదురున్న దేశాలు చాలా తక్కువ. అయినా మన గుళ్లలో వెలిగించే అగరబత్తి పుల్ల ఎక్కడి నుంచి వచ్చేది? వియత్నాం నుంచి, చైనా నుంచి. చివరికి దిగుమతి భరించలేక 2019 ఆగస్టు 31న అగరబత్తి దిగుమతి మీద ఆంక్షలు పెట్టారు.

ఎందుకిలా అయింది? 1927లో బ్రిటిష్‌వాడు రాసిన అటవీ చట్టం వెదురుని చెట్టు అంది. వెదురు గడ్డి జాతి అని బడి పిల్లలకి కూడా తెలుసు. చెట్టు అన్నారు కాబట్టి కొడితే కేసు, మోస్తే కేసు. కాగితం మిల్లులకి మాత్రం దశాబ్దాల పాటు చవగ్గా పోయింది. బుట్టలు అల్లుకునేవాడికి కేసు, మిల్లుకి రాయితీ. 2017 నవంబర్‌లో ఆ మాట మార్చారు. అదీ అడవి బయట పెరిగే వెదురుకే. అడవిలోది ఇప్పటికీ అదే లెక్క.

కానీ మన చట్టం ఏం చెప్తుంది? 1996 పెసా చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభది అంది. 2006 చట్టం అందులో వెదురుని కూడా పేరు పెట్టి చేర్చింది. 2012 రూల్స్ ప్రకారం రవాణా పర్మిట్ రాసిచ్చే అధికారం కూడా గ్రామసభ కమిటీకే ఉంది.

ఇది అయ్యే పనేనా అంటారా? మన గోదావరి అవతల గడ్చిరోలి జిల్లాలో మెంఢా-లేఖా అనే గోండు ఊరుంది. 2009లో ఆ ఊరికి సామూహిక అటవీ హక్కు వచ్చింది. కాగితం వచ్చినా ఫారెస్టు డిపార్టుమెంటు వెదురు అమ్ముకోనివ్వలేదు, రవాణా పర్మిట్ మా చేతిలోనే ఉంటుందన్నారు. ఊరు వదల్లేదు. 2011 ఏప్రిల్ 27న అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఆ ఊరికి వచ్చి పర్మిట్ పుస్తకాన్ని గ్రామసభ చేతిలో పెట్టారు. ఒక్క పుస్తకం! దాని కోసం ప్రపంచ బ్యాంకు అప్పు కావాల్సి రాలేదు. ఆ పుస్తకంతో ఊరు తన వెదురుని తానే అమ్ముకుంది. తర్వాత ఆ జిల్లాలో వందలాది గ్రామసభలు తునికాకు కూడా సొంతంగా వేలం వేసుకునే దాకా వచ్చాయి. మన దగ్గర ఇంకా యూనిట్లు కాంట్రాక్టర్‌కి పాడుతున్నారు, మనం కట్టల లెక్కన కూలి తీసుకుంటున్నాం. ఆకు మన అడవిది, చేయి మనది, లాభం ఎవడిదో!

మద్దతు ధర సంగతి కూడా చూడండి. గింజ ఉన్న చింతపండు కిలో 31 రూపాయలు, ఎండిన ఇప్పపువ్వు 17, అడవి తేనె 195 అని 2018లో కేంద్రం ప్రకటించింది. మంచిదే. కానీ సంతలో కాంటా దగ్గర ఆ ధర ఎవడిచ్చాడు? గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. సంత రోజున డిపో తెరిచి, చేతిలో డబ్బు పెట్టుకొని కూర్చుంటేనే షావుకారు కూడా ధర పెంచుతాడు. డిపోకి తాళం ఉంటే వాడు చెప్పిందే ధర. అయిదు క్వింటాళ్ల చింతపండు అమ్మే ఇంటికి కిలోకి పది రూపాయలు తగ్గితే 5,000 పోయినట్టే. కేంద్ర గిరిజన శాఖ లెక్క ప్రకారం దేశంలో అడవి పంటల మీద ఆధారపడేవాళ్లు దాదాపు 10 కోట్ల మంది. సంత రోజున డిపో తాళం తీయడమూ ఒక ఆర్థిక సంస్కరణే!

నాలుగు: మూలుగుతున్న డబ్బుని ఊరి చేతికివ్వండి

గనులకి, డ్యాములకి, రోడ్లకి అడవి ఇచ్చేసినప్పుడు కంపెనీలు కట్టిన డబ్బు కంపా ఫండ్. ఏళ్ల తరబడి ఢిల్లీలో పడి ఉండేది. 2019 ఆగస్టు 29న అందులోంచి 47,436 కోట్లు రాష్ట్రాలకు ఇచ్చారు. మన అడవి పోయినందుకు వచ్చిన డబ్బు ఇది. దీనితో ఏం చేస్తున్నారు? చాలాచోట్ల మన పోడు చేలల్లోనే కందకాలు తవ్వి టేకు, నీలగిరి మొక్కలు నాటుతున్నారు. అడవి పోయిందీ మనదే, ఆ పేరు చెప్పి పోతున్న చేనూ మనదే.

అదే డబ్బుని గ్రామసభ తీర్మానంతో ఖర్చు పెట్టండి. ఇప్ప, చింత, కరక్కాయ, వెదురు నాటుదాం. కూలి మనకే, కాపలా మనమే, పంట మనదే. మన పిల్లలు తినే చెట్టుని మనం నరుక్కుంటామా?

వాళ్లు అడిగేవి, మనం చెప్పాల్సినవి

"అడవి మొత్తం నాశనం చేస్తారు" అంటారు. అన్నా, మ్యాపు తీసి చూడు. ఈ దేశంలో మిగిలిన మంచి అడవి ఎక్కడుంది? ఆదివాసీలు ఉన్నచోటే ఉంది.

"ఇవన్నీ ఉచితాలు" అంటారు. కూలి చేసి అడిగేది ఉచితమా? ఏరిన చింతపండుకి ధర అడిగితే ఉచితమా? పన్ను వదిలేస్తే ప్రోత్సాహకం, కూలి ఇస్తే ఉచితం. ఈ డిక్షనరీ ఎవరు రాశారు?

"మీరెంతమంది, మీతో దేశం ఎకానమీ మారుతుందా" అంటారు. నిజమే, 2011 లెక్కల్లో మనం 8.6 శాతం. మన నాలుగు డిమాండ్లతోనే జీడీపీ ఎగిరి దూకుతుందని నేను చెప్పను. కానీ కూలి కోసం చూసే దళిత అక్కకి, భూమి కాగితం లేని కౌలు రైతుకి, మార్కెట్ యార్డులో మోసపోయే బీసీ రైతుకి వర్తించేదీ ఇదే సూత్రం. కింది సగం జనం చేతిలో డబ్బు లేకుండా పై అంతస్తు నిలబడదు. మన సమస్య మన ఒక్కరిదే అని మనం అనుకున్నన్నాళ్లూ వాళ్లకి సుఖమే.

ఇక మన సంగతి

తప్పంతా ఢిల్లీ మీదకి నెట్టి పడుకుంటే కుదరదు. మన ఊళ్లో గ్రామసభ ఎలా జరుగుతోంది? రిజిస్టర్ ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకుంటుంటే మనం పెట్టట్లేదా? మనవాళ్లే సర్పంచులు, మనవాళ్లే ఎమ్మెల్యేలు, ఎంతమంది పెసా పేరు నోరెత్తి చెప్పారు? మనం డిగ్రీలు చదివి హైదరాబాద్‌లో, విజయవాడలో రూములు తీసుకొని ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం చూస్తున్నాం. తప్పు కాదు. కానీ ఊళ్లో నాన్న దరఖాస్తు ఎందుకు తిరస్కరించారో ఒక్కసారైనా కాగితం తీసి చదివామా?

ఎండలు మొదలైతే ఇప్పపువ్వు రాలుతుంది. చింతపండు కూడా అప్పుడే సంతకొస్తుంది. ఎండలు ముదిరితే తునికాకు. ఈ సీజన్ పోకముందే నాలుగు పనులు చేయండి.

పని కావాలని దరఖాస్తు రాతపూర్వకంగా ఇవ్వండి, తేదీతో రశీదు అడగండి. రశీదు లేకపోతే 15 రోజుల్లో పని ఇవ్వకున్నా నిరుద్యోగ భృతి అడిగే దారి ఉండదు.

తిరస్కరించిన క్లెయిమ్ ఉంటే కారణం రాసివ్వమని అడగండి. కారణం చెప్పకుండా కొట్టేయడం చట్ట విరుద్ధం. నిర్ణయం వచ్చాక అప్పీలుకి 60 రోజులు గడువుంటుంది. శాటిలైట్ ఫోటో ఒక్కటే చూపించి కొట్టేశామంటే ఒప్పుకోవద్దు, ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే.

సంతలో ఏ ధరకి కొంటున్నారో ఫోన్‌లో ఫోటో తీయండి, మద్దతు ధర పక్కన పెట్టి పోస్టు చేయండి. ప్రతి వారం, ప్రతి సంత. మన డేటాని ఏ మంత్రీ దాచలేడు.

గ్రామసభ పెట్టించండి. సామూహిక హక్కు కోసం తీర్మానం రాయించండి. మన ఊరి వెదురు, మన ఊరి ఆకు మేమే అమ్ముకుంటామని రాయండి. ఆడవాళ్లు ముందు వరసలో కూర్చోవాలి, అడవికి పోయి ఏరేది వాళ్లే.

దేశం కష్టంలో ఉందంటున్నారు. ఉంటే మనం కూడా భుజం పడతాం. కానీ భూమి ఇచ్చి కాదు, భూమి మీద నిలబడి. మా కూలి మాకు ఇవ్వండి, మా పట్టా మాకు ఇవ్వండి, మా అడవి పంటకి ధర ఇవ్వండి. ఆ అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మేమే కొంటాం, మీ ఫ్యాక్టరీ కూడా నడుస్తుంది.

మావ నాటే మావ రాజ్!
జల్, జంగల్, జమీన్ మనదే!
జై ఆదివాసీ!